మూడు ల్యాబులకు ఒకే పొడి

మా కోడలు హిందూపురంలో ఇంట్లోనే వేరుశెనగ చిక్కీ చేసి అమ్ముతుంది. పోయిన ఏడాది ధర్మవరంలో పెద్ద అంగడి ఉన్నాయన ఒకరు నెలనెలా సరుకు తీసుకుంటానన్నాడు. చిక్కీలో వేసే విత్తనాల్లో బూజు వల్ల పుట్టే విషం లేదని ల్యాబు కాగితం మాత్రం కావాలన్నాడు. విత్తనాలు మా చేనివే. పీకే రోజుల్లో వాన పడి కాయ తడిసింది. ఎండబెట్టించి, ఒలిపించి, మూటలు కట్టించాను.

హిందూపురం ల్యాబు బాగున్నాయని రాసిచ్చింది. అంగడి ఆయనకు నమ్మకం కలగలేదు. మా ఇంటికొచ్చి, మూటలో చేయి పెట్టి తానే కొన్ని విత్తనాలు తీసుకుపోయి ధర్మవరం ల్యాబులో చూపించాడు. అక్కడ విషం హద్దు దాటిందన్నారు.

“ఆ ధర్మవరం మిషను చెడిపోయిండాది అత్తా. లేకుంటే రేటు తగ్గించేకి ఆయప్ప నాటకమాడతాండాడు” అంది కోడలు.

“మిషను సంగతి నీకేం తెలుసే? ఈడోళ్లే తప్పు రాసిండొచ్చు గదా.”

“అయితే ఎవరిది అబద్ధమో నువ్వే చెప్పు.”

నేను చదివింది మూడో తరగతి. పెనుకొండలో ఇంకో ల్యాబు ఉందంటే ఇద్దరం బస్సెక్కాం. అక్కడి అమ్మాయి మా విత్తనాలను తెల్ల కాగితం మీద పోసి చూసి నవ్వింది.

“ఏమవ్వా, పెండ్లికి పంపినట్ల ఏరి తెచ్చినారే! హిందూపురంలో గూడా ఇట్లాంటివే ఇచ్చినారా?”

“మరి? పుచ్చులు బయటికి పంపితే నలుగురేమనుకుంటారు?” అంది కోడలు.

మా ఇంట్లో అంతే. ఎవరికి గింజలు పంపినా చాటలో చెరిగి, ముడతపడినవీ నల్లబడినవీ తీసేసి పంపుతాం. విషం ఎక్కువగా ఉండేది ఆ తీసేసిన వాటిలోనేనట. అదీ అన్నింటిలో కాదు, మూటలో ఎక్కడో కొన్నింటిలో. ఒకరు ఏరి ఇచ్చి, ఒకరు గుప్పెడు తీసి ఇస్తే ల్యాబుకొక లెక్క రాక ఏం చేస్తుంది?

“ల్యాబులను పోల్చి చూడల్లంటే అందరికీ ఒకే పొడి పోవల్ల అవ్వా” అందా అమ్మాయి. మూటల పైనా, మధ్యనా, అడుగునా తీసి, ఏరకుండా పొడి కొట్టి, బాగా కలిపి మూడు పొట్లాలు కట్టమంది.

మూడుచోట్లా ఫీజు అంటే నాకు కడుపు మండింది. అయినా ఇచ్చాను. మూడు ఊళ్ల కాగితాలూ ఇంచుమించు ఒకే మాట చెప్పాయి. పనికిరావు.

“పోనీ, ఆవుకన్నా పెడదాం” అంది కోడలు.

“విషం పాలల్లోకి దిగుతుందని ఆ ల్యాబు పిల్ల చెప్పలేదా? ఆ పాలు తాగేది నీ బిడ్డే.”

చిరిగిన గోనెసంచి కూడా పారేయనిదాన్ని. మూటలన్నీ గుంతలో పోయించి, దగ్గరుండి మట్టి కప్పించాను.

అంగడి ఆయన ఒక నెల ఆగుతానన్నాడు. పరిగిలో వేరే విత్తనాలు కొన్నాం. కోడలు పరీక్షకని మూట అడుగు నుంచి తీస్తుంటే ముడుచుకుపోయిన గింజ ఒకటి కనబడింది. నా వేళ్లు దాని మీదికి పోయాయి.

“అత్తా, చెయ్యి తియ్యి!”

తీశాను. ఆ గింజతోనే పొట్లం పెనుకొండకు పోయింది. బాగున్నాయని కాగితం వచ్చాకే చిక్కీకి బెల్లం కొనిచ్చాను.