ఒకే నంబరు, రెండు బస్తాలు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని అబిడ్స్‌లో మా ఆఫీసు కింద టీ కొట్టు ఆయనక్కూడా తెలుసు. మన్యం కాఫీ రైతుల సంఘంలో ఉద్యోగం నాది. కొండ మీద రైతులు ప్రతి బస్తాకీ నంబరున్న స్టిక్కర్ అంటించి ఫోనులో ఫోటో తీస్తారు. లారీ నాంపల్లి గోదాములో దిగాక నేను వెళ్లి ఆ స్టిక్కర్లు స్కాన్ చేస్తాను. ఏ బస్తా ఏ ఇంటిదో తేలిపోతుంది. అంతే, బ్రహ్మవిద్యేమీ కాదు.

ఆ రోజు ఒక ఊరి సరుకుతో పాటు, అక్కడి రైతుల తరఫున ఫోటోలు తీసే అమ్మాయి కూడా వచ్చింది. సగం బస్తాలు అయ్యాయో లేదో, నా ఫోను ఎర్రగా వెలిగింది. 'ఈ బస్తా ఇప్పటికే చేరింది' అంటుంది. ఒకే నంబరుతో రెండు బస్తాలు! రెండోదాని మూతి విప్పితే నల్ల గింజలు, విరిగిన గింజలు, చెత్త. ఒక్క బస్తాలో కల్తీ తేలినా ఊరు మొత్తం సరుకూ వెనక్కి పంపాలని మా సంఘం నియమం. అంటే ఆ ఊరి ఏడాది కష్టం గంగపాలే.

గోదాము యజమాని ఆమె మీదికి వచ్చాడు. "ఏందమ్మా గిది? ఒక్క నంబర్ మీద రెండు బస్తాలు పంపిన్రా? గీ చెత్తంతా మాకు అంటగడతరా?"

"ప్రతి బస్తాకాడా నిలబడి నేనే పోటో తీసినాను. ఇది మాది కాదు. మీ గోదాములోనే ఎవరో మార్చేసినారు" అంది ఆమె.

ఆ మాట పూర్తికాకుండానే లాగి చెంప మీద కొట్టాడు. ఆమె వెళ్లి బస్తాల మీద పడింది. పెదవి చిట్లి రక్తం కారింది. నాకు ఒళ్లు మండిపోయింది. పక్కనే ఉన్న ఇనప స్టూలు ఎత్తి వాడి భుజం మీద వేశాను. వాడు తూలి తూకం యంత్రానికి కొట్టుకున్నాడు. కనుబొమ మీద చీరుకుపోయింది. మళ్లీ ఎత్తాను. హమాలీలు నా రెండు చేతులూ పట్టుకున్నారు. "అక్కా, జర ఆగు! సచ్చిపోతడు!" చస్తే చావనీ అనే అన్నాను. ఇప్పటికీ అదే అంటాను.

ఈలోగా ఆ అమ్మాయి కత్తి తీసుకుని రెండు బస్తాలనూ నిలువునా కోసేసింది. గింజలు నేలంతా పారాయి. మొదటి బస్తా లోపలి ప్లాస్టిక్ సంచికి అదే నంబరున్న ఇంకో స్టిక్కర్ ఉంది. రెండోదానికి లేదు.

మేము స్టిక్కర్లు జంటగా ఇస్తాం. ఒకటి బస్తాకి, ఒకటి రైతు ఇంట్లో దాచుకోవడానికి. వీళ్లేమో బయటది వానకి ఊడిపోతుందని భయపడి రెండోది లోపల అంటించారు. ఇదెక్కడి గోలని అంతకుముందు ఫోనులో ఆమెకి చీవాట్లు కూడా పెట్టాను. యజమానికి ఈ సంగతి తెలియదు. మంచి బస్తాని అమ్ముకుని దాని చోట చెత్త పెట్టాలని బయటి స్టిక్కర్‌కి నకలు తీయించాడు. మంచి బస్తాని దాటించేలోపే నేను దిగబడ్డాను.

కబురందుకుని మా సంఘం అధ్యక్షుడు వచ్చాడు. అంతా విని, ఆ అమ్మాయిని పక్కకి పిలిచాడు. "చూడమ్మా, ఈ గోదాము పోతే వానాకాలంలో సరుకు ఎక్కడ పెట్టుకుంటాం? ఈ ఒక్క బస్తా మీ ఊరి పొరపాటని ఫోనులో నువ్వే ఎక్కించెయ్. మిగతా సరుకు వెనక్కి పోకుండా నేను చూసుకుంటా. గోదాము ఆయన కూడా ఈ మేడం మీద కేసు పెట్టడు." ఛీ, ఇంత సిగ్గులేని మాట నేను పుట్టి బుద్ధెరిగి వినలేదు.

ఆమె ఫోను తీసింది. అందులో 'నష్టం' అని ఒక గడి ఉంటుంది. చిరిగిన బస్తాలూ తడిసిన బస్తాలూ ఫోటో తీసి అందులో పెట్టాలి. ఆమె ఆ నంబరు కొట్టి, ఫోను తన వైపు తిప్పుకుని, వాచిన చెంపా చిట్లిన పెదవీ ఫోటో తీసి పంపేసింది. మా ఫోన్లలో ఒకరు నష్టం ఎక్కిస్తే సంఘంలోని ఊళ్లన్నిటికీ కనిపిస్తుంది.

కాసేపటికే అధ్యక్షుడి ఫోను మోగింది. ఆ అమ్మాయి వాళ్లమ్మ. ఆయన కంగారులో స్పీకర్ నొక్కేశాడు.

"మా పిల్లని కొట్టినోడు ఇంకా అక్కడే ఉన్నాడా?"

ఆ అమ్మాయి ఆయన చేతిలోంచి ఫోను లాక్కుని యజమాని ముందుకి నడిచింది.

"ఉన్నాడమ్మా. ఇను."

ఫోను ఎడమ చేతిలో పట్టుకుని, కుడి చేత్తో వాడి చెంప పగలగొట్టింది.

"ఇనబడిందా?"

"ఇనబడింది. ఇప్పుడు పెసిడెంటు గారికియ్యి ఫోను. తప్పు మాదని రాస్తాడో ఆడిదని రాస్తాడో, ఊరంతా ఇక్కడే నిలబడి ఇంటన్నాం."