బయట కూర్చోమన్న దవాఖాన

చాలా ఏళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పుస్తెలతాడు మెడకు అలవాటైనట్టే అదీ అలవాటైంది. స్నానానికి కూడా తీయను. తీద్దామని ఎన్నోసార్లు చెయ్యి వేశాను. రాలేదు.

మీరెవరో నాకు తెలియదు. నా పేరు మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

ముందు నా గుణం చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. వరంగల్‌లో మా వాడకట్టుకు నల్లా నీళ్లు రాకపోతే మున్సిపాలిటీ ఆఫీసుకు పోయి గొడవ పెట్టేది నేను. తూకం తగ్గిస్తే రేషన్ డీలర్ మీద దరఖాస్తు పెట్టేదీ నేనే. అక్కడితో ఆగితే బాగుండేది. ఎవరి పెళ్లిలో నన్ను పలకరించకుండా పోయారో, ఎవరింట్లో పిల్లలందరికీ పాయసం పోసి నా కొడుకు గిన్నె మరిచారో, ఆ రోజు వాళ్లు కట్టుకున్న చీర రంగుతో సహా చెప్పగలను. నాకు జరిగిన చిన్నతనం ఏదీ మరిచిపోలేదు. ఈ గుణమే మా తమ్ముణ్ణి... ఆగండి. అక్కడికి మెల్లగా వస్తాను.

తమ్ముడి పేరు సమ్మయ్య. మేడారంలో మొక్కుకున్నాక పుట్టాడని అమ్మ ఆ పేరు పెట్టింది. హనుమకొండలో ఫ్లెక్సీలు వేసే షాపు నడిపేవాడు. వాడి భార్య రజిత. రజిత అన్న సదానందం కాజీపేటలో రైల్వే ఉద్యోగి.

తమ్ముడు ఇల్లు కట్టుకున్నప్పుడు గృహప్రవేశానికి పోయాను. మాలో మొదటి బొట్టు ఆడబిడ్డకు పెడతారు. ఇంటి ఆడపిల్ల నుదుటికి కుంకుమ తాకాకే మిగతావాళ్లు. రజిత కుంకుమ భరిణె పట్టుకుని వచ్చింది. నన్ను దాటి, నా వెనక నిలబడ్డ సదానందం భార్యకు పెట్టింది. తర్వాత నాకు. గుంపులో చూసుకోలేదంది. నిజంగా చూసుకోలేదా? ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు. చూడండి, ఇది రాస్తూ కూడా ఆ పట్టు వదల్లేకపోతున్నాను.

ఆ తర్వాత కొన్నాళ్లకే తమ్ముడికి ఒంటి మీద నల్లని మచ్చలు లేచాయి. చిగుళ్ల నుంచి రక్తం. ఎముకల లోపల రక్తం తయారు కావడం ఆగిపోయిందని డాక్టర్లు చెప్పారు. తోడబుట్టినవాళ్లలో ఎవరిదైనా కలిస్తే వాళ్ల ఎముక మజ్జ ఎక్కించాలి. ఆలస్యం చేయొద్దు, ఎక్కడ చేయించుకోవాలో మాత్రం జాగ్రత్తగా చూసుకోండి అన్నారు.

నాది కలిసింది. ఆ మాట విన్నప్పుడు నాకు మొదట ఏం తోచిందో చెప్పనా? తమ్ముడు బతుకుతాడన్నది కాదు. ఇక నన్ను దాటిపోయేది ఎవరు, అని.

హైదరాబాద్‌లో రెండు దవాఖానలు అనుకున్నాం, ఒకటి పాతది, ఇంకోటి కొత్తగా కట్టింది. సదానందం సెలవు పెట్టి రెండు చోట్లకూ తిరిగాడు. ఇదే జబ్బుకు ఎంతమందికి చేశారు, వాళ్లు ఎలా ఉన్నారు, పెద్ద డాక్టర్ రోజూ అక్కడే ఉంటాడా, వేరే ఊరి నుంచి వచ్చిపోతాడా, జ్వరం వస్తే పండుగ పూటైనా చూసేది ఎవరు అని అడిగాడు. వచ్చి, పాతదానికే పోదామన్నాడు. "బిల్డింగును చూడొద్దక్కా, లోపలి మనుషులను చూడాలె" అన్నాడు. న్యాయమైన మాటే. కానీ అది సదానందం నోటి నుంచి వచ్చింది.

అందరం కలిసి ఆ పాత దవాఖానకు పోయాం. గదిలోకి అడుగు పెట్టగానే అక్కడి డాక్టరమ్మ, "పేషెంటు, వాళ్ల మిసెస్ ఉండండి. డోనర్ ఎవరు? మీరు కాసేపు బయట కూర్చోండమ్మా" అంది. రజిత ఒక్కతే భయపడుతోందని సదానందాన్ని కూడా ఉండనిచ్చారు. చెప్పులు విడిచే చోట బెంచీ మీద నేను. అద్దం తలుపు లోపల సదానందం తల ఊపుతున్నాడు. నా ఒంట్లోంచి తీసేదాని గురించి నేను లేకుండా మాట్లాడుకుంటున్నారు. నుదుటి మీద ఆ రోజు కుంకుమ ఆలస్యమైన చోటు మళ్లీ మండింది. తర్వాత నన్ను వేరే డాక్టర్ దగ్గరికి పంపుతామంటే, తల తిరుగుతోందని చెప్పి కిందికి దిగిపోయాను.

కొత్త దవాఖానలో అందరినీ ఒకే సోఫాలో కూర్చోబెట్టారు. టీ ఇచ్చారు. "తమ్ముడికి ప్రాణం పోసే దేవత మీరే" అన్నాడు అక్కడి మేనేజర్. పెద్ద డాక్టర్ వేరే ఊరి నుంచి వస్తాడని, వారంలో కొన్ని రోజులే ఉంటాడని సదానందం అడిగితే ఆ మనిషే చెప్పాడు. నేను విన్నాను. విననట్టు టీ తాగాను.

అయినా ఇంట్లో పాతదానికే మొగ్గారు. అక్కడ బెడ్ ఖాళీ అయితే ఫోన్ చేస్తామన్నారు. డోనర్ నంబరని నా నంబరే ఇచ్చి వచ్చారు.

ఆ ఫోన్ వచ్చినప్పుడు నేను తమ్ముడి ఇంట్లోనే ఉండి చింతపండులో గింజలు తీస్తున్నాను. ఆ డాక్టరమ్మే.

"అమ్మా, సమ్మయ్య గారికి బెడ్ ఖాళీ అవుతోంది. మీకు చేయాల్సిన పరీక్షలు మిగిలాయి. ఎల్లుండి రాగలరా?"

ఇంకో గింజ తీసి గిన్నెలో వేశాను.

"ఆ రోజు మిమ్మల్ని బయట కూర్చోమన్నందుకు బాధపడ్డట్టున్నారు. డోనర్‌ను మేం ఎప్పుడూ విడిగానే అడుగుతాం. ఇంటివాళ్ల ముందైతే, ఇష్టం లేకపోయినా వద్దని చెప్పలేరు కదా. మీ తరఫున చూసే డాక్టర్ వేరే ఉంటారు."

"మాకు అవసరం లేదు" అన్నాను. "వేరే దగ్గర చేయించుకుంటున్నం."

"అందరూ అనుకున్న మాటేనా అమ్మా? వద్దంటే ఈ బెడ్ ఇంకొకరికి ఇచ్చేస్తాం."

"అందరి మాటే" అన్నాను.

విన్నారు కదా. ఆ బెంచీ ఎందుకో ఆమె నాకు చెప్పింది. నన్ను తక్కువ చేయడానికి కాదు, నన్ను కాపాడటానికి. తెలిశాకే వద్దన్నాను. తెలియక చేశానని చెప్పుకునే దారి కూడా నాకు లేదు. ఎందుకు చేశాను? అవమానం జరగలేదని ఒప్పుకుంటే ఇన్నాళ్లు కోపం పెంచుకున్న నేను ఏమవుతాను? సదానందం మాటే నెగ్గితే రేపు ఆ ఇంట్లో నా చోటెక్కడ? పక్క గదిలో తమ్ముడు నాలుగడుగులకే ఆయాసపడుతుంటే నేను ఈ లెక్కలు వేసుకున్నాను.

సాయంత్రం అందరి ముందు చెప్పాను. పాత దవాఖానలో ఇప్పట్లో మంచం లేదట, మమ్మల్ని నమ్ముకుని కూర్చోవద్దు, వేరే చూసుకోండి అన్నారని. సదానందం నా మొహంలోకి చూశాడు. తానొకసారి ఫోన్ చేసి అడుగుతానన్నాడు. "నా మీద నమ్మకం లేదా? ఎముకల్లోది ఇచ్చేది నువ్వా, నేనా?" అన్నాను. అతను ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. రజిత, "మీరెట్లంటె అట్లనే వదినా" అంది. తమ్ముడు నవ్వాడు. అప్పటికే సగమయ్యాడు. వాడి బరువుకు సరితూగే ఎత్తు బెల్లం మేడారంలో ఇస్తానని అమ్మ మొక్కుకుని ఉంది. "అక్కా, జల్ది కానియ్యి. ఇప్పుడైతె అమ్మకు బెల్లం తక్కువల పోతది" అన్నాడు. అందరం నవ్వాం. నేనూ నవ్వాను.

కొత్త దవాఖానలో నా మజ్జ వాడికి ఎక్కించారు. కొన్ని రోజులు బాగానే ఉన్నాడు. తర్వాత జ్వరం వచ్చింది. ఆ రోజు పెద్ద డాక్టర్ ఊళ్లో లేడు. ఫోన్‌లో మందులు చెప్పాడు. మళ్లీ చెప్పాడు. సదానందం కౌంటర్ దగ్గర అరుస్తూనే ఉన్నాడు. ఫిర్యాదులు చేయడంలో పేరుపడ్డ నేను మాత్రం గోడకు ఆనుకుని నోరు విప్పలేదు. ఆ డాక్టర్ వచ్చేసరికి జబ్బు ఊపిరితిత్తులకు పాకింది. తమ్ముడు ఇంటికి రాలేదు.

పాత దవాఖానలోనైనా పోయేవాడేమో. ఈ చికిత్సలో ఎక్కడైనా పోతారు, నాకు తెలుసు. ఈ 'ఏమో'ను చాలాకాలం కప్పుకుని పడుకున్నాను. కానీ బతికేవాడేమో అన్నది కూడా అదే దుప్పటి కింద ఉంది. ఎటు తిరిగినా తగులుతుంది.

నన్ను ఎవరూ ఏమీ అనలేదు. అది మరీ భయం. తమ్ముడి కోసం ఎముకల్లోది తీసిచ్చిన అక్క అని చుట్టాలందరూ చెప్పుకుంటారు. సదానందం కూడా నేనెదురైతే లేచి నిలబడతాడు. ఆ పాత దవాఖానకు అతను తర్వాతెప్పుడైనా ఫోన్ చేశాడా? అతని చూపులో అది వెతుకుతాను. కనిపించదు. కనిపించే రోజు వస్తుందని ప్రతి ఫోన్ మోతకూ ముందు అతని పేరేనా అని చూస్తాను.

ఈమధ్య మేనకోడలు అక్షిత, మూతపడ్డ తమ్ముడి షాపును మళ్లీ తెరిచింది. పూజకు పోయాను. రజిత ఒక మూలన నిలబడింది. ఆమె చేత ఇప్పుడు మావాళ్లు ఎవరికీ బొట్టు పెట్టించరు. నన్ను దాటిపోయిందని నేను ఇన్నేళ్లు పగబట్టిన ఆ చెయ్యి ఇక ఏ నుదుటికీ రాదు. రానివ్వకుండా చేసినదాంట్లో నా చెయ్యి ఉంది. భరిణె కూతురికిచ్చి, "ఫస్టు అత్తమ్మకు పెట్టు బిడ్డా. మీ నాయినకు పానమిచ్చినామె" అంది రజిత.

పిల్ల వచ్చి నా నుదుటి మీద పెట్టింది. నాకే మొదటిది. అందరూ చూస్తుండగా. నేను కోరుకున్నట్టే.

ఇంటికొచ్చి కడిగాను. ఎంత కడిగినా వేళ్లకు ఎరుపు వస్తూనే ఉంది.

రజితకు చెప్పలేదు. చెప్పే ధైర్యం వస్తుందని మీకు మాటివ్వను. క్షమించమని కూడా అడగను, మీరు క్షమించినా అది మీరు ఇవ్వాల్సింది కాదు. ఇన్నేళ్లు గొంతులో ఉన్నదాన్ని ఒక్కసారి బయట పెట్టాలనుకున్నాను. అంతే.

మంచం ఉందని వాళ్లు చెప్పారు. లేదని చెప్పింది నేను.