నెంబర్లు కలిసినా తప్పిన శబ్దం

"పాపకు వినికిడి తగ్గిపోతోందండీ. ఒక్క గంటలోనే తగ్గిపోయింది!"

నీహారిక ఆ మాట అనగానే బాలనర్సయ్య వైరు చుట్టడం ఆపాడు. కొండాపూర్‌లో ఆన్‌లైన్ పాఠాలు తీసే చిన్న స్టూడియో అది. ఆమె అక్కడ ఫిజిక్సు చెబుతుంది. అతను కెమెరాలు, మైకులు చూసుకుంటాడు. లింగంపల్లి పెళ్లిళ్లలో బ్యాండుమేళం డోలు వాయిస్తూ పెరిగి, మైకుసెట్టు దుకాణంలో పని నేర్చి, యాభై నాలుగేళ్లకు ఇక్కడ తేలాడు. చదివింది ఏడో తరగతి. తెరమీద ఎవరి గొంతైనా పెదవి కంటే రవ్వంత వెనకబడితే గది అవతలి మూల నుంచైనా లేచి వస్తాడు.

"గంటల చెవుడొస్తదా బిడ్డా? జర కూసోని చెప్పు."

చెప్పింది. ఏడాది నిండిన తన పాప పిలిస్తే ఒక్కోసారి తిరగడం లేదు. గురువారం డాక్టరుకు చూపించాలని, స్టూడియో కెమెరానూ సౌండు రికార్డరునూ అడిగి తీసుకెళ్లి, కెమెరా స్టాండు మీద పెట్టి గంటసేపు పాపను పిలుస్తూ తీసింది. రెండింటిలోనూ టైమ్‌కోడ్, అంటే గంట నుంచి ఫ్రేము దాకా నడిచే లెక్క, ఒకేసారి కలిపి మొదలుపెట్టింది. తర్వాత బొమ్మనూ శబ్దాన్నీ జతచేసి చూస్తే, మొదట్లో పాప పిలవగానే తిరిగింది. చివరికొచ్చేసరికి పిలిచాక రవ్వంత ఆగి గానీ తల కదల్లేదు.

"తొమ్మిది ఫ్రేములు, అంటే సెకనులో మూడో వంతుకు పైనే ఆలస్యమండీ. మూడుసార్లు లెక్కపెట్టాను."

బాలనర్సయ్య చివరి నిమిషం తెరమీద పెట్టి చూశాడు. నవ్వాడు.

"పాప పక్కన గీ ఆమె ఎవలు?"

"నేనేనండి."

"మరి నీ నోరు సుత లేటే కదా! మాట ముంగట వడ్డది, పెదవి ఎనుక కదులుతున్నది. నీగ్గూడ చెవుడేనా?"

నీహారిక ముందుకు వంగింది. నిజమే. మూడుసార్లూ పాపనే చూసింది గానీ తనను చూసుకోలేదు. అయితే అసలు గందరగోళం అప్పుడే మొదలైంది.

"నెంబర్లు చివరిదాకా కలుస్తున్నాయి కదండీ! మరి ఎలా తప్పింది?"

"నెంబరు పేరే బిడ్డా, నడక కాదు. పెండ్లి బరాత్‌ల ఇద్దరం డోలు ఒక్కపారే షురూ జేస్తుంటిమి. ఇద్దరి లెక్కా నూరు దెబ్బలే. గాని బ్యాండు మాస్టరు చెయ్యి చూడకపోతే, నా నూరో దెబ్బకూ వాని నూరో దెబ్బకూ నడుమ సందు వడ్తది. ఈడ మాస్టరు గా డబ్బా."

అతను చూపించిన చిన్న పెట్టె నుంచి ప్రతి కెమెరాకూ, రికార్డరుకూ ఒక్కో కేబులు వెళ్తుంది. అన్నీ దాని తాళానికే అడుగేస్తాయి. ఇంట్లో ఆ కేబులు లేదు. దేని గడియారం దానిదే.

గడియారాలను నడిపే క్వార్ట్జ్ స్ఫటికాల కంపనాల మీద రెండు పాఠాలు చెప్పిన మనిషికి ఇది తట్టలేదు. తట్టాక కూడా సగమే అర్థమైంది.

"అంటే పాపకు బాగా వినిపిస్తోందన్నట్టా?"

"అది నాకేం ఎరుక? దవాఖానకు పో. గీ వీడియో మాత్రం తీస్కపోకు."

గురువారం పరీక్షలో రెండు చెవులూ బాగున్నాయని తేలింది. ఆటలో పడితే పిల్లలు పలకరని డాక్టరు చెప్పింది. ఇప్పటికీ పాప ఒక్కో పిలుపుకు తిరగదు. నీహారికకు మళ్లీ అనుమానం వస్తుంది. అప్పుడు ఆగి, తాను ఏ గదిలోంచి పిలిచిందో, మిక్సీ తిరుగుతోందో లేదో ముందు చూసుకుంటుంది. వీడియో చూసిన రోజు స్టూడియో గుమ్మం దాకా వచ్చి బాలనర్సయ్య అన్న మాట అదే:

"పిల్లను శంకించే ముంగట, పక్కన ఉన్న నిన్ను జూస్కో బిడ్డా."