పళ్ళ మాస్టారి పుస్తకాలు

మా వీధిలో ఆయన్ని అందరూ పళ్ళ మాస్టారనేవాళ్ళు. పాఠాలు చెప్పే మాస్టారు కాదు. దంతవైద్యుడి ఆస్పత్రి వెనక గదిలో కూర్చుని కట్టుడు పళ్ళు చేసేవాడు. మైనం కరిగించడం, అచ్చు పోయడం, ఒక్కో పన్నూ కుదిరేదాకా అరగదీయడం, అదే పని. ఆదివారం వస్తే మాత్రం సంచీ భుజాన వేసుకుని, పాత పుస్తకాలు పరిచి అమ్మే పేవ్‌మెంటుకి వెళ్ళిపోయేవాడు.

ఆయన వెతికేది ప్రపంచంలో పేరు మోసిన పాత నవలలు. అదీ ఏదో ఒక ప్రతి చాలదు. తొలి ముద్రణ కావాలి. లేదంటే బొమ్మల మీద పల్చటి కాగితం అడ్డుపెట్టి కుట్టిన పాతకాలపు ప్రతి కావాలి. అట్ట ఊడిపోయినవి తెచ్చి, పళ్ళకి వాడే సన్న కుంచెతో జిగురు రాసి, పసిపిల్లకి పక్క వేసినట్టు బల్ల మీద పడుకోబెట్టేవాడు. ఉన్నవి రెండు గదులు. మంచం కింద పుస్తకాలు, మంచం పక్కన పుస్తకాలు, వంటింటి గూటిలో డబ్బాల వెనక కూడా పుస్తకాలు.

"ఊళ్ళో అందరికీ నమిలే భాగ్యం కలిగిస్తారు. మనింట్లో నమలడానికి కాగితాలు తప్ప ఏమున్నాయి?" అనేది ఆయన భార్య. అనేదే గానీ, సాయంత్రం ఆయన చదివి వినిపిస్తుంటే కుట్టుపని ఒళ్ళో వదిలేసి వినేది. మధ్యమధ్య అడ్డుపడేది.

"ఆ కెప్టెన్ మళ్ళీ ఓడెక్కాడా? ఒడ్డునే కూర్చుంటే ఏం పోయిందట?"

"ఒడ్డున కూర్చుంటే కథేముంటుందే?"

"కథ లేకపోతే లేకపోయె. పెళ్ళాం పిల్లలు ఉండేవాళ్ళు కదా."

కూతురు పెళ్ళయి రెండు వీధుల అవతల కాపురం పెట్టాక ఆయన భార్యకి దగ్గు పట్టుకుంది. మొదట జలుబనుకున్నారు. తర్వాత మెట్లెక్కితే ఆయాసం, పక్క దులిపితే ఆయాసం. ఛాతీ డాక్టరు ఇల్లెలా ఉంటుందని అడిగాడు. కూతురే చెప్పింది. డాక్టరు కళ్ళజోడు తీసి, "పాత కాగితం దుమ్ము ఈవిడ ఊపిరితిత్తులకి పడదు. పుస్తకాలు ఇంట్లోంచి తీసేయండి" అన్నాడు.

మాస్టారు వెంటనే తీసెయ్యలేదు. ప్లాస్టిక్ కవర్లు కప్పాడు. రోజూ తడిగుడ్డతో తుడిచాడు. ఇవాళా రేపూ అంటూ వానాకాలమంతా నెట్టుకొచ్చాడు. కూతురు వచ్చినప్పుడల్లా ఆ గుట్టల వైపు చూసి వెళ్ళిపోయేది. ఒకరోజు ఆవిడ గుక్క తిప్పుకోలేక గోడ పట్టుకుని కింద కూలబడింది. మర్నాడే ఆయన లైబ్రరీకి వెళ్ళి, అన్నీ ఇచ్చేస్తానన్నాడు.

లైబ్రరీ పెద్దాయన ఎంతో మర్యాద చేశాడు. "మీ పేరు మీద అద్దాల బీరువా పెట్టిస్తాం. మీరు ఎప్పుడైనా వచ్చి చదువుకోవచ్చు" అన్నాడు. బండి వచ్చి అన్నీ తీసుకుపోయింది. ఖాళీ అయిన గదిలో నిలబడి, "మనిల్లు ఇంత పెద్దదని నాకు ఇన్నాళ్ళూ తెలీదు సుమండీ" అంది ఆవిడ. నవ్వబోతే దగ్గొచ్చింది.

ఆ దగ్గు ఇక తగ్గలేదు. ఏడాది తిరక్కుండానే ఆవిడ పోయింది.

కొన్నాళ్ళకి ఆయన లైబ్రరీకి వెళ్ళాడు. బీరువా లేదు. "అవింకా సర్దలేదండీ, మళ్ళీ రండి" అన్నాడు గుమాస్తా. మళ్ళీ వెళ్ళాడు, మళ్ళీ అదే మాట. చుట్టూ తిరిగి వెనక కిటికీలోంచి తొంగి చూస్తే, తాళం వేసిన గదిలో విరిగిన కుర్చీల మధ్య పుస్తకాలు నేల మీద పోసి ఉన్నాయి. తర్వాత లైబ్రరీకి రంగులు వేశారు. పనికిరాని సామాను తీసేశారు.

అలవాటు కొద్దీ పేవ్‌మెంటుకి వెళ్ళిన ఒక ఆదివారం, గుట్టలో ఒక పుస్తకం వెన్ను చూసి ఆగిపోయాడు. ఆ జిగురు ఆయన రాసిందే. పక్కది కూడా. దాని పక్కది కూడా.

"ఇవి నావి" అన్నాడు.

"నావీ అంటే ఎలా మాస్టారూ? లైబ్రరీ వాళ్ళు తూకానికి అమ్మితే తెచ్చుకున్నాను" అన్నాడు కొట్టువాడు. మంచివాడే. "మీరు కాబట్టి కొన్నధరకే ఇస్తాను."

సంచీలో పట్టినన్ని కుక్కుకుని వడివడిగా ఇంటికి నడిచాడు. ఆవిడ పోయాక ఆయన అంత చురుగ్గా నడవడం మేమెవరం చూడలేదు. వంట చేసిపెట్టడానికి వచ్చిన కూతురు ఇంట్లో కూర తరుగుతోంది. ఆయన సంచీ బల్ల మీద బోర్లించి, "చూశావా అమ్మా, మనవే" అన్నాడు.

ఆ పిల్ల కత్తి పక్కన పెట్టింది.

"అమ్మ లేదు కదా, ఇంక తెచ్చుకోవచ్చనా నాన్నా?"

ఆయన కాదనలేకపోయాడు. దారిలో ఒక్క క్షణం సరిగ్గా అదే అనుకున్నాడు మరి. ఇంట్లో ఇప్పుడు దగ్గేవాళ్ళు లేరు, ఎన్నైనా పెట్టుకోవచ్చు అనుకున్నాడు. అనుకుని సంతోషించాడు కూడా.

మర్నాడు సంచీ తీసుకెళ్ళి కొట్టువాడికి తిరిగిచ్చేసి, డబ్బు మాటెత్తకుండా వచ్చేశాడు.

కొన్ని వారాలకి కూతురే దిగొచ్చింది. "కోపంలో నోరు జారాను నాన్నా. పద, తెచ్చుకుందాం" అంది. ఇద్దరూ కలిసి వెళ్ళారు. కొట్టువాడు తల గోక్కున్నాడు. రెండు మూడు ఎవరో కొన్నారట. మొన్నటి వానకి మిగతావి తడిసి ముద్దయితే కాగితం మిల్లుకి వేసేశాడట. ఊరుకోలేక ఇంకో పాత నవల తీసి చేతికిచ్చాడు. బొమ్మలున్న మంచి ప్రతి. మాస్టారు దాన్ని అటూ ఇటూ తిప్పి, అట్ట తెరవకుండానే గుట్ట మీద పెట్టేశాడు.

"ఎవరికి చదవనమ్మా?" అన్నాడు కూతురితో.

ఇప్పుడు ఆదివారాలు కూడా ఆయన ఆస్పత్రి వెనక గదికే వెళుతున్నాడు. సెలవు కదా మాస్టారూ అని డాక్టరు అంటే, ఇంట్లో తోచదండీ అని తలెత్తకుండా పళ్ళు అరగదీసుకుంటూ కూర్చుంటాడు.