పిన్ని ఆయాసం ఏ వరుసలో?

ఈ ఉదయం మా రాయ్‌పూర్ ఇంట్లో కిటికీ గట్టు తుడుస్తుంటే వేలికి నల్లటి మసి అంటింది. వరలక్ష్మి పిన్ని గుర్తొచ్చింది.

అప్పుడు నాది నాలుగో తరగతి. ఇక్కడే రైల్వే కాలనీలో పిన్ని వాళ్లది మా పక్క క్వార్టరు. రోగాలు రెండు రకాలని, అంటుకునేవి ఒక వరుసలో, అంటుకోనివి ఒక వరుసలో మా మేడం రాయించారు. పిన్నికున్న ఆయాసం ఆ రెండింటిలోనూ లేదు. నేనే తేల్చేశాను. పిన్ని దగ్గిన రోజున అమ్మా దగ్గేది, నేనూ దగ్గేవాణ్ణి. కాబట్టి అంటుకునేదే.

రోజూ బడి నుంచి రాగానే పిన్ని నా తల నిమిరి, బియ్యప్పిండితో అట్టులా వేడివేడి చీలా పోసి పెట్టేది. ఆ రోజు గుమ్మంలోనే ఆగిపోయాను.

"లోపలికి రారా, చల్లారిపోతోంది."

"రాను పిన్నీ. నీది అంటుకునే బీమారీ."

పిన్ని నవ్వింది. "అలాగా డాక్టర్ సాబ్! అయితే అక్కడే ఉండు."

ఆ రోజు నుంచి పళ్లెం పిట్టగోడ మీద పెట్టి, తనే నాలుగడుగులు వెనక్కి వెళ్లి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడేది. బాబాయికి బదిలీ అయ్యేదాకా అంతే.

సిల్తారా ఫ్యాక్టరీల వైపు నుంచి గాలి వీచిన రోజునే అందరం దగ్గేవాళ్లమని, ఆరేసిన బట్టల మీదా ఇదే మసి ఉండేదని చాలా ఏళ్లకు గాని నాకు తట్టలేదు. తట్టాక కూడా పిన్నికి చెప్పలేదు. చిరునామా ఉండీ, సిగ్గుపడి వెళ్లలేదు.

ఇప్పటికీ చీలా వాసన వస్తే, ఆ చెయ్యి కోసం తల కొంచెం వంచుతాను.