ఇంకో మూడు రోజులు

ఆమె మట్టిపని నేర్పే గది పళ్ళ ఆసుపత్రి పక్కనే ఉంటుంది. తమ దేశంలో ఆ వైద్యం ఖరీదు భరించలేక ఇక్కడికి వచ్చేవాళ్ళు పొద్దున డాక్టరు ముందు నోరు తెరుస్తారు, మధ్యాహ్నం ఆమె దగ్గర కప్పులు చేస్తారు, మర్నాడు బస్సెక్కి ఊరు చూడ్డానికి పోతారు. సగంమందికి మత్తు దిగక మూతి వంకరగానే ఉంటుంది. ఆమె నవ్వదు, ప్రశ్నలు వెయ్యదు. తడిచేత్తోనే జుట్టు వెనక్కి తోసుకుంటుంది కాబట్టి నుదుటి మీద ఎప్పుడూ ఓ మట్టిచార.

మొన్న వచ్చినవాళ్ళలో ఆమె పాత సూపర్‌వైజరు ఉన్నాడు. వాళ్ళ దేశంలో, టైల్స్ ఫ్యాక్టరీలో, నాలుగేళ్ళు అతని కిందే పనిచేసింది. అతను గుర్తుపట్టలేదు. చక్రం మీద అతను కప్పు లేపినప్పుడల్లా "గోడ మందమైందండీ, మళ్ళీ" అని నలిపేసింది. నాలుగోసారి కప్పు నిజంగానే బాగా కుదిరింది. అతను మురిసిపోతుంటే పక్కన కూర్చుని, అతని భాషలోనే నెమ్మదిగా చెప్పింది.

"మా అమ్మకి ఆఖరి ఘడియలని సెలవుచీటీ ఇస్తే మీరు చింపేశారు. నేను ఇంటికి చేరేసరికి మా చెల్లి ఒక్కతే కర్మలన్నీ ముగించేసింది."

అతను ఏదో అనబోయాడు. మత్తుకి నాలుక తిరగలేదు.

"మాట్లాడకండి, కుట్లు తెగుతాయి" అంటూ, అతని కళ్ళలోకి చూస్తూనే ఆ కప్పుని ముద్ద చేసేసింది.

సాయంత్రం చెల్లికి ఫోన్లో అంతా చెప్పింది.

"కసి తీరిందా అక్కా?"

ఆమె రేపటికి మట్టి తడిపి గుడ్డ కప్పింది.

"ఇంకో మూడు రోజులుంటాడట."