గాడిద దిద్దిన చెరకు పాఠం

నా ఉద్యోగం ఊడగొట్టుకోవడానికి నేనే ఎంతో కష్టపడి, రంగురంగులుగా తయారుచేసిన ఆన్‌లైన్ కోర్సు గురించి చెబుతాను, వినండి. నవ్వండి, పరవాలేదు. కాస్త మెల్లగా నవ్వండి.

అప్పుడప్పుడే ఇంటర్నెట్ సెంటర్లు వెలుస్తున్న రోజులు. నిజామాబాద్‌లో మా అమ్మ బీడీలు చుట్టి నాకు కంప్యూటర్ నేర్పించింది. ఒక సంస్థవాళ్ళు నన్ను ఆరు నెలలకు తీసుకున్నారు. బోధన్ చెరకు రైతులకు ఇంటర్నెట్ పాఠాలు తయారుచేయాలి. "రైతులకు నచ్చితే పర్మినెంటు, లేకపోతే ఇంటికే" అన్నారు మా సారు.

ఇక చూస్కోండి నా సంబరం! అక్షరాలు గిరగిరా తిరుగుతూ వచ్చేవి. చెరకు గడ ఎగిరొచ్చి తెర మధ్యలో నిలబడేది. జవాబు ఒప్పయితే చప్పట్లు, తప్పయితే గాడిద ఓండ్ర. ఒప్పు జవాబు నొక్కేదాకా పాఠం ముందుకు కదలదు; నొక్కితే వాళ్ళ పేరుతో, మా సారు సంతకంతో సర్టిఫికెట్ వస్తుంది. పాఠం రాసిచ్చింది వ్యవసాయం తెలిసిన పెద్దాయన. నేను చదివానా? అబ్బే, రంగులు వేయడానికే పొద్దు చాలలేదు! ప్రశ్న మాత్రం సొంత తెలివితో పెట్టాను: 'నాటడానికి చెరకు గడలో ఏ భాగం మంచిది?' జవాబు: అడుగు భాగం. పుట్టినప్పటినుంచి చెరకు తింటున్నదాన్ని, ఆ మాత్రం నాకు తెలియదా?

ప్రారంభం రోజు బోధన్ సెంటర్‌లో ఎనిమిది కంప్యూటర్లు, ఎనిమిది మంది రైతులు. అందరూ ఒక్కసారే 'పై భాగం' నొక్కారు. ఎనిమిది గాడిదలు ఒక్కసారే ఓండ్ర పెట్టాయి. రోడ్డుమీద పోయేవాళ్ళు ఆగి లోపలికి తొంగిచూశారు.

"ఏం బిడ్డా, గిదేం లొల్లి?" అన్నాడు గంగారాం అనే రైతు.

"జవాబు తప్పు పెద్దాయనా. పాఠం మళ్ళీ చదవండి" అన్నాను, పంతులమ్మలా.

కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన సుబ్బారావు గారు కుర్చీలోంచి లేచారు. "ఏమ్మా, ముప్పై ఏళ్ళుగా చెరుకు వేస్తున్నాను. నన్ను చూసి గాడిద అరుస్తుందేమిటమ్మా?"

పర్మినెంటు కళ్ళముందే జారిపోతోంది. అప్పుడు ప్రారంభానికి వచ్చిన మా సారు, దేవుడిలా, ముందుకొచ్చారు.

"జరగండి, నేను చేసి చూపిస్తా." తన పేరు కొట్టి, ధీమాగా 'అడుగు భాగం' నొక్కారు. చప్పట్లు! ప్రింటర్ గరగరమని సర్టిఫికెట్ కక్కింది. గంగారాం దాన్ని అందుకుని గట్టిగా చదివాడు: "ఆదర్శ చెరకు రైతు!"

తర్వాత సారుకేసి ఎగాదిగా చూశాడు. "సారూ, మీకు ఎన్నెకరాలున్నయి?"

"రెండు... పూలకుండీలు" అన్నారు సారు.

సెంటరు దద్దరిల్లిపోయింది. గంగారాం కళ్ళు తుడుచుకుంటూ నాకేసి తిరిగాడు. "తినేటందుకు అడుగు ముక్క తియ్యగుంటది బిడ్డా. నాటేటందుకు కొస ముక్క. గదే మంచిగ మొలుస్తది."

ఛీ, నా తెలివి తెల్లారినట్టే ఉంది! ఇంటికి పోయి అమ్మకు ఏం చెప్పాలా అని బస్సెక్కాను. మర్నాడు సారు పిలిచారు.

"నిన్ను తీసేయాలంటే కారణం రాయాలి. కారణం రాస్తే ఆ సర్టిఫికెట్ కథంతా రాయాలి. దానిమీద పేరూ నాదే, సంతకమూ నాదే" అంటూ పర్మినెంటు కాగితం చేతిలో పెట్టారు.

ఆ క్షణమే కీబోర్డు మీద చెయ్యివేసి ప్రమాణం చేశాను: నేను నమిలి మింగిన వస్తువుల గురించి ఇక ఈ జన్మలో పరీక్ష పెట్టను గాక పెట్టను.